తలుపు మూశారు, తరగతి ఏదీ?

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యుజిసి) అధ్యక్షులకు, గౌరవ సభ్యులకు,

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని నమస్కరించి రాస్తున్న బహిరంగ లేఖ.

ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నందుకు మీరు ఏమీ అనుకోరని నా నమ్మకం. 2024 జులైలో ‘అస్మిత’ పేరుతో, అయిదేళ్ళలో 22 భారతీయ భాషల్లో 22 వేల పుస్తకాలు తెస్తామని ప్రకటించింది మీరే. చదువు సొంత భాషలో సాగాలని చెప్పిన పెద్దలకు సొంత భాషలోనే మొర పెట్టుకుంటున్నాను.

2025 జులై 23న మీ సమావేశం ఆమోదించిన నిర్ణయం గురించే నా మొర అంతా. దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ ఇకమీదట సైకాలజీ చెప్పకూడదన్నారు. ఆ ఏడాది జులై–ఆగస్టు ప్రవేశాల నుంచే అమలు కావాలన్నారు. అప్పటికే ఇచ్చిన గుర్తింపులు కూడా వెనక్కి తీసుకుంటామన్నారు. బి.ఎ.లో చరిత్ర ఉండొచ్చు, అర్థశాస్త్రం ఉండొచ్చు, రాజనీతి, భూగోళం, సంస్కృతం, తత్వశాస్త్రం అన్నీ దూరవిద్యలో చదువుకోవచ్చు. ఆ వరసలోంచి సైకాలజీని ఒక్కదాన్ని ఏరి తీసేశారు. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం జాబితాలో సైకాలజిస్టు పేరు ఉంది కాబట్టి, ఆరోగ్య వృత్తులు దూరవిద్యలో నేర్పేవి కావు కాబట్టి, అన్నది మీ తర్కం.

సరిగ్గా రెండు రోజుల తర్వాత, జులై 25న, సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ హాస్టల్లో ప్రాణం పోగొట్టుకున్న ఒక పదిహేడేళ్ళ అమ్మాయి తండ్రి న్యాయం కోసం ఎక్కిన గడప అది. వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా పిల్లల మనసుల సంగతి తెలిసిన, అర్హత ఉన్న కౌన్సెలర్నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్నో కనీసం ఒక్కరినైనా పెట్టుకోవాలని ఆ తీర్పులో ఉంది. ఇది దేశం మొత్తానికీ వర్తిస్తుంది. పలాస జూనియర్ కాలేజీకీ, పార్వతీపురం హాస్టల్‌కీ, రాజాం ఇంజినీరింగు కాలేజీకీ వర్తిస్తుంది.

అయ్యా, ఆ మనుషులు ఎక్కడి నుంచి వస్తారు? అత్యున్నత న్యాయస్థానం మనుషులను పెట్టమంటున్న వారంలోనే, ఆ మనుషులు నడిచి వచ్చే దారుల్లో ఒకదానికి మీరు కంప కొట్టారు. రెండో దారి ఏదో చూపించి మూస్తే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

నేను ఆ దారిలోనే వచ్చాను. అందుకే నాకు నోరు ఆగడం లేదు.

సైకాలజీ అన్న మాట నేను మొదట విన్నది కాలేజీలో కాదు, టెట్ కోచింగులో. తెలుగునాట మామూలు ఇళ్ళ పిల్లలు ఈ శాస్త్రాన్ని కలుసుకునే చోటు అదే. నూట యాభై మార్కుల పరీక్షలో ముప్పై మార్కులు శిశువికాసం, పెడగాజీవి. శ్రీకాకుళంలో ఒక అద్దె గదిలో నలుగురం అమ్మాయిలం వంట చేసుకుంటూ బట్టీ పట్టాం. పియాజే దశలు నాలుగు: ఇంద్రియ చాలక, పూర్వ ప్రచాలక, మూర్త ప్రచాలక, అమూర్త ప్రచాలక. పావ్‌లోవ్ అంటే కుక్క, థార్న్‌డైక్ అంటే పిల్లి, కోలర్ అంటే చింపాంజీ, స్కిన్నర్ అంటే ఎలుక, పావురం. ఏ జంతువు ఎవరిదో తెలిస్తే ఒక మార్కు. ఆ జంతువు ఏం చేసిందో, అందువల్ల మన ఇంట్లో పిల్లాడి గురించి ఏం తెలిసిందో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. పునర్బలనం అనే మాటను వంద సార్లు రాశాను. బాగా రాసిన పిల్లాడి వీపు తట్టడం పునర్బలనమేనని నాకు తట్టలేదు.

ఇక మీరు మేలనుకునే రెగ్యులర్ చదువు సంగతి. నేను ట్రైనింగు చదివిన కాలేజీ పేరు చెప్పను. అది రోజూ హాజరు వేసే కాలేజీ. సైకాలజీ ప్రయోగాలకు ఒక బీరువా ఉండేది. దాంట్లో అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే పరికరం ఉందని రికార్డులో రాశాం. బీరువా తాళం నేను వెళ్ళిన రెండేళ్ళలో ఒక్కసారీ తీయలేదు. సీనియర్ల రికార్డు చూసి అంకెలు ఎక్కించుకున్నాం. పరీక్షకు వచ్చిన పెద్దమనిషి అట్ట బాగుందా లేదా చూసి సంతకం పెట్టి వెళ్ళారు. ఇది ముఖాముఖి చదువే. మీ కొత్త నిబంధన ప్రకారం దీనికి ఏ ఇబ్బందీ లేదు.

ఆ తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత తిత్లీ వచ్చింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం అంటే ఉద్యానవనం. ఆ ఒక్క రాత్రిలో కొబ్బరి తోటలు, జీడి తోటలు నేల మీద పడుకున్నాయి. ముప్పై ఏళ్ళు పెంచిన చెట్లు. బడి తెరిచాక నా తరగతికి వచ్చిన పిల్లల్లో ఒక మూడో తరగతి గుంటడు ఉన్నాడు. గాలి కొంచెం జోరందుకుంటే చాలు, కిటికీ రెక్క కొట్టుకుంటే చాలు, పలక వదిలేసి బెంచీ కిందికి దూరిపోయేవాడు. మిగతా పిల్లలు నవ్వేవారు. నేను మొదటి నాలుగు రోజులు కసిరాను. అయిదో రోజు వాళ్ళ అమ్మను పిలిపించాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “గాలి సోకింది టీచరమ్మా, తాయెత్తు కట్టించేసినాం, తగ్గిపోతాది” అంది. ఆవిడను తప్పు పట్టడానికి నాకేం తెలుసు గనక? నా దగ్గర అంతకంటే మంచి మాట లేదు. టెట్‌లో ముప్పైకి ఇరవై ఆరు తెచ్చుకున్నదాన్ని, ఆ పిల్లాడి ముందు నాకు ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

ఆ సిగ్గుతోనే దూరవిద్యలో ఎం.ఎ. సైకాలజీలో చేరాను. ఇంటి పని, బడి పని అయ్యాక రాత్రి పుస్తకం తెరిచేదాన్ని. అక్కడ మళ్ళీ కనిపించారు పాత జంతువులు. ఈసారి కథ పూర్తిగా ఉంది. 1920లో వాట్సన్, రేనర్ ఒక పసివాడికి తెల్ల ఎలుకను చూపిస్తూ వెనకాల ఇనప కడ్డీ మీద సుత్తితో కొట్టారు. కొన్నిసార్లకే పిల్లాడు ఎలుకను చూస్తే ఏడవడం మొదలెట్టాడు, ఎలుకతో పోలిక ఉన్న బొచ్చు వస్తువులకూ ఏడ్చాడు. ఆ పేజీ దగ్గర ఆగిపోయాను. మా గుంటడికి ఆ రాత్రి గాలి హోరు, కప్పు ఎగిరిపోవడం, అమ్మ అరుపు అన్నీ ఒక్కటిగా ముడిపడ్డాయి. ఇప్పుడు వట్టి గాలి చాలు, మిగతావన్నీ వెంట వస్తాయి. దెయ్యం కాదు, పిరికితనం కాదు. నేర్చుకున్న భయం.

తర్వాతి పేజీల్లో 1924 నాటి మేరీ కవర్ జోన్స్ ఉంది. కుందేలంటే భయపడే పీటర్ అనే పిల్లాడికి ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలును దూరంగా ఉంచి, రోజు రోజుకూ కొంచెం కొంచెం దగ్గరకు తెచ్చింది. చివరికి వాడు దాన్ని నిమిరాడు. నేర్చుకున్న భయాన్ని మరచిపోయేలా చేయొచ్చని దాదాపు వందేళ్ళ కిందటే ఒక స్త్రీ చేసి చూపించింది. టెట్ బిట్లలో ఆవిడ పేరు నాకు తగల్లేదు.

అప్పటికి మా గుంటడు హైస్కూలుకు వెళ్ళిపోయాడు. వాడికి నేను ఏమీ చేయలేకపోయాను. కానీ ఉద్దానంలో అక్టోబరు ప్రతి ఏడూ వస్తుంది, గాలి ప్రతి ఏడూ వస్తుంది. తర్వాత వచ్చిన పిల్లల్లో అలాంటి వాళ్ళు ఇద్దరు కనిపిస్తే కసరలేదు. తాటాకు గాలిమరలు చేయించాను. మొదట గదిలో నోటితో ఊది తిప్పాం, తర్వాత గుమ్మంలో, తర్వాత మైదానంలో చిన్న గాలికి. వారాలు పట్టింది. ఇది వైద్యం కాదు, నేను వైద్యం చేశానని అనడం లేదు. ఒక్కో పిల్లాడికి వైద్యం అవసరమే, అప్పుడు పంపించాల్సిన చోటు తెలిసి ఉండాలి. ఏ పిల్లాడిని పంపించాలో, ఏ పిల్లాడికి గాలిమర చాలునో తేడా చూడగలగడానికి కూడా కొంత చదువు కావాలి. ఆ చదువునే మీరు ఆపారు.

దూరవిద్యలో ప్రాక్టికల్స్ ఉండవని అంటారు. నా అద్దం ప్రయోగం నేను దూరవిద్యలోనే చేశాను. మా ఊరి మంగలి షాపులో పాత అద్దం అడిగి తెచ్చుకుని, అట్టపెట్టె అడ్డం పెట్టి, అయిదో తరగతి పిల్లలతో నక్షత్రం గీయించాను. చెయ్యి ఒక వైపు పోతుంటే కన్ను ఇంకో వైపు లాగడం, మొదటిసారి పట్టిన సమయం ఆరోసారికి తగ్గిపోవడం కళ్ళారా చూశాను. పిల్లల పేర్ల పక్కన నేను రాసిన అంకెలు నావి. ఎవరి రికార్డులోంచీ ఎక్కించుకున్నవి కావు. మరి తాళం వేసిన బీరువా ఉన్న చదువు నాణ్యమైనదా, మంగలి అద్దం చదువు నాసిరకమైనదా? నాణ్యత ఎక్కడ లోపించిందో అక్కడ తనిఖీ చేయాల్సిన బాధ్యత మీది కాదా? తనిఖీ చేయడం కష్టమని తరగతినే ఎత్తేస్తారా?

విశాఖపట్నంలో ఆదివారం కాంటాక్టు తరగతులకు వెళ్ళేదాన్ని. నా పక్కన కూర్చున్నవాళ్ళు ఎవరో చెప్తాను. డయాలిసిస్ యూనిట్లో పనిచేసే ఒక నర్సు. విజయనగరం వైపు నుంచి వచ్చే ఒక అంగన్‌వాడీ కార్యకర్త, చంకలో బిడ్డ. ఒక హెడ్ కానిస్టేబులు. ఒక హాస్టల్ వార్డెను. ఇంటర్ అయిన ఏడే పెళ్ళయిపోయి, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక మళ్ళీ పుస్తకం పట్టుకున్న ఇద్దరు గృహిణులు. వీళ్ళలో ఎవరూ రెగ్యులర్ క్యాంపస్‌లో రెండేళ్ళు కూర్చోగలిగిన వాళ్ళు కాదు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండువందల కిలోమీటర్ల పైచిలుకు. ఉద్యోగం మానుకుని, ఇల్లు వదులుకుని వాల్తేరు కొండ మీద గది తీసుకోమంటారా ఆ నర్సును? ఆవిడ ప్రతి రోజూ పన్నెండు మంది మనసుల మధ్య పనిచేస్తోంది. ఆవిడకు కాకపోతే ఈ శాస్త్రం ఎవరికి?

ఆ డయాలిసిస్ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఉద్దానం కిడ్నీ జబ్బు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. నీళ్ళ పథకం వచ్చింది, పలాసలో ఆసుపత్రి వచ్చింది, సంతోషమే. వారానికి రెండుసార్లో మూడుసార్లో సూది గుచ్చించుకుని నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకునే మనిషి లోపల ఏం జరుగుతోందో చూసే వాళ్ళు ఎందరున్నారు? తండ్రికీ ఇదే, అన్నకూ ఇదే, రేపు నాకూ ఇదేనా అని పరీక్షకు రక్తం ఇచ్చిన ఇరవై ఏళ్ళ కుర్రాడు ఏ నిద్ర పోతాడు? ఎంత చేసినా ఫలితం మారదని పదే పదే అనుభవమైన జీవి తప్పించుకునే దారి ఉన్నా కదలదని 1967లో సెలిగ్మన్, మైయర్ కుక్కల మీద చూశారు. నేర్చుకున్న నిస్సహాయత అన్నారు దాన్ని. ఆ పాఠం చదువుతున్నప్పుడు నాకు అమెరికా ప్రయోగశాల కనిపించలేదు. మా వీధి అరుగులు కనిపించాయి. మందు వేసుకోమంటే “ఏటికిలే” అని మొహం తిప్పుకునే మనుషులు కనిపించారు. వాళ్ళు బద్ధకస్తులు కాదని, వాళ్ళతో చిన్న చిన్న గెలుపులు మళ్ళీ మొదలుపెట్టించాలని ఆ నర్సు నాతో అన్నది. ఒక్క పాఠంతో ఆవిడ తన వార్డును ఇంకోలా చూసింది.

మత్స్యకారుల సంగతి మీకు సినిమా ద్వారా అయినా తెలిసే ఉంటుంది. మా తీరంలోని కె.మత్స్యలేశం వంటి పల్లెల నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు వేటకు వెళ్ళిన మావాళ్ళు 2018 నవంబరు చివర్లో పాకిస్తాన్‌కు చిక్కారు. 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. ఏడాదికి పైగా ఇక్కడి ఆడవాళ్ళు ఉన్నారో లేరో తెలియని మనుషుల కోసం పొయ్యి వెలిగించారు. పూలదండలు వేశాం, ఫొటోలు తీశాం. ఆ తర్వాత? తలుపు చప్పుడైతే ఉలిక్కిపడే మనిషికి, నాన్నను గుర్తుపట్టని పసిపిల్లకు ఎవరు తోడున్నారు? 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రైళ్ళు ఢీకొని 14 మంది పోయారు. బతికి బయటపడ్డవాళ్ళు ఇప్పటికీ రైలు ఎక్కుతున్నారా? ఎవరైనా అడిగారా? మా జిల్లాల్లో తుఫాను, వలస, జబ్బు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. ఇక్కడ మనసు గురించిన ప్రాథమిక జ్ఞానం బియ్యం, కిరసనాయిలుతో పాటు ఊళ్ళో ఉండాల్సిన సరుకు.

తిత్లీ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. “ఎల్లుండి ఇంతకంటె పెద్దది వస్తాదట” అని ఊరూరా పాకింది. ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. చదువుకున్నవాళ్ళు కూడా నమ్మారు. నేనూ నమ్మాను. తర్వాత చదువులో తెలిసింది: 1934 బీహారు భూకంపం తర్వాత పాట్నాలో జమునా ప్రసాద్ అనే పరిశోధకుడు అచ్చం ఇలాంటి పుకార్లనే ఏరి రాసిపెట్టారు. భూమి కంపించింది గానీ ఇళ్ళు కూలని చోట్ల ఇంకా ఘోరం రాబోతోందన్న పుకార్లు పుట్టాయి. ఇరవై ఏళ్ళ తర్వాత అమెరికాలో ఫెస్టింజర్ అనే మనస్తత్వవేత్త ఆ కాగితాలు చదివి తలగోక్కున్నారు. భయపెట్టే మాటలను జనం కోరి ఎందుకు నమ్ముతారు? వాళ్ళు అప్పటికే భయంతో ఉన్నారు గనక. ఉన్న భయానికి తగిన కారణం కావాలి గనక. 1957లో వచ్చిన ఆయన సిద్ధాంతానికి మూలాల్లో ఒకటి మన దేశపు మట్టిలో ఉంది. ఈ ఒక్క సంగతి తెలిసిన పంచాయతీ కార్యదర్శి పుకారును తిట్టి ఊరుకోడు, మనుషుల భయాన్ని ముందు వింటాడు. చిల్లంగి పెట్టారన్న అనుమానంతో పొరుగువాళ్ళ మీదికి కర్రలెత్తే ఊళ్ళు మా వైపు ఇంకా ఉన్నాయి. అక్కడ ఈ పాఠం ప్రాణాలు కాపాడుతుంది.

అందుకే అడుగుతున్నాను. మనసు గురించి తెలుసుకోవడమూ, మనసుకు వైద్యం చేయడమూ ఒకటేనా? రసాయనశాస్త్రం చదివిన వాళ్ళంతా మందుల షాపు పెట్టుకోరు. ఫార్మసిస్టు కావాలంటే వేరే చదువు, వేరే రిజిస్టరు. క్లినికల్ సైకాలజిస్టులకు భారత పునరావాస మండలి రిజిస్టరు ముందునుంచీ ఉంది. మీరు చూపించే 2021 చట్టం కూడా వికలాంగుల కోసం ఆ మండలి కింద పనిచేసే క్లినికల్ సైకాలజిస్టులను తన జాబితాలోంచి విడదీసింది. కాపలా పెట్టాల్సింది వైద్యం గుమ్మం దగ్గర. మీరు ఊరి పొలిమేరలోనే గేటు వేశారు. జ్ఞాపకం ఎలా నిలుస్తుంది, అలవాటు ఎలా పడుతుంది, గుంపులో మనిషి ఎందుకు మారిపోతాడు అని నేర్చుకునే బి.ఎ. విద్యార్థి ఏ రోగికి హాని చేస్తుంది?

మీ సంఘం పుట్టుకనే ఒకసారి తలుచుకోండి. 1948–49లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన నడిచిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ సిఫారసు చేస్తేనే మీరు పుట్టారు. అదే రాధాకృష్ణన్ గారు 1912లో ‘ఎసెన్షియల్స్ ఆఫ్ సైకాలజీ’ అనే పరిచయ గ్రంథం రాశారు. కలకత్తాలో దేశపు మొదటి సైకాలజీ శాఖ తెరిచింది 1916లో. ఆయన పుస్తకం అంతకంటే ముందే వచ్చింది. అది ఏ డాక్టర్ల కోసమూ రాసింది కాదు, విద్యార్థుల కోసం రాసింది. ఆ తర్వాత 1931 నుంచి 1936 దాకా ఆయన మా ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపకులపతిగా ఉన్నారు. మీ పెద్దాయన చదువరులందరి ముందూ తెరిచిపెట్టిన శాస్త్రాన్ని మీరు ఆసుపత్రి గదిలో పెట్టి తాళం వేశారు. ఆయన కమిషన్ సిఫారసుతో పుట్టిన సంఘంగా మీరు దీనికి ఏం జవాబు చెప్తారు?

మా వైపు ఈ చదువు కొత్తదీ కాదు. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో వుంట్ మొదటి సైకాలజీ ప్రయోగశాల తెరిచాడు. విజయనగరంలో మహారాజావారి స్కూలు కాలేజీ అయింది కూడా ఆ ఏడే. అక్కడ తత్వశాస్త్రం ప్రధానంగా చదివి 1886లో బి.ఎ. అయ్యారు గురజాడ అప్పారావు గారు. ఆ రోజుల్లో మనసు చదువు తత్వశాస్త్రంలోనే కలిసి ఉండేది. శ్రీకాకుళంలో పుట్టిన రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు ఒక పిరికి మనిషి లోపలి గొణుగుడుతో ‘అల్పజీవి’ నవల నడిపించారు. కె. రామకృష్ణారావు గారు 1960ల చివర్లో వాల్తేరులో సైకాలజీ, పారాసైకాలజీ విభాగం నెలకొల్పితే విదేశాల పరిశోధకులు అటు చూశారు. ఇంత వెనకచరిత్ర ఉన్న నేల మీద, ఇవాళ ఉద్దానం అమ్మాయి సైకాలజీ చదువుతానంటే “అది దూరవిద్యలో లేదు, దగ్గర్లో కాలేజీ చూసుకో” అని చెప్పాల్సి వస్తోంది. ఆ దగ్గర ఎంత దూరమో మీరు ఒక్కసారి బస్సెక్కి చూడాలి.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మీ నెట్ పరీక్షలో సైకాలజీ ప్రశ్నపత్రం ఇంగ్లీషులో, హిందీలో ఉంటుంది. నా ఎం.ఎ. పుస్తకాలూ అంతే. టెట్ కోసం తెలుగులో బట్టీ పట్టిన మాటలేమో సంస్కృతం కంటే బరువు: శాస్త్రీయ నిబంధనం, కార్యసాధక నిబంధనం, యత్నదోష పద్ధతి. ఆ బరువు మోసి మోసి పిల్లలు అర్థాన్ని దారిలో వదిలేస్తున్నారు. మా శ్రీకాకుళం మనిషి గిడుగు రామమూర్తి పంతులు గారు, బడిలో చెప్పే భాష ఇంట్లో మాట్లాడే భాష కావాలని జీవితమంతా పోరాడారు. సవర పిల్లలకు పాఠం చెప్పాలని ముందు తానే సవర భాష నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు రాశారు. పిల్లాడు ఉన్న చోటికి పంతులు నడిచి వెళ్ళాలన్న సంగతి ఆయన మనస్తత్వవేత్త వైగోత్‌స్కీని చదవకుండానే ఆచరించారు. ‘అస్మిత’లో మీరు తెలుగుకు చేసే వెయ్యి పుస్తకాల్లో సైకాలజీవి ఎన్ని? బెంగ, దిగులు, దడ, బెదురు, జడుపు అని మా ఆడవాళ్ళు వాడే మాటలకు ఆ పుస్తకాల్లో చోటుంటుందా? “గుండెల్లో దడగుంటంది టీచరమ్మా, ఏటీ తోచట్లేదు” అని నా దగ్గరకు వచ్చే తల్లి మాటను ఏ లక్షణం కింద రాసుకోవాలో ఢిల్లీ పుస్తకం చెప్పదు.

మీ భయంలో నిజం ఉందని నాకూ తెలుసు. ఆరు వారాల ఆన్‌లైన్ సర్టిఫికెట్టు గోడకు తగిలించి, పేరు ముందు డాక్టరని రాసుకుని, కౌన్సెలింగ్ సెంటరు బోర్డు పెట్టినవాళ్ళను నేనూ చూశాను. వాళ్ళ దగ్గర డబ్బు పోగొట్టుకుని, చీకటి ఇంకా పెంచుకుని తిరిగి వచ్చిన ఒక కుటుంబం నాకు తెలుసు. ఒక మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడడం, మాట్లాడకుండా వినడం, తన పరిధి ఎక్కడ ముగుస్తుందో తెలుసుకోవడం పుస్తకంతో రావు. పెద్దవాళ్ళ కళ్ళ ముందు చేసి, తప్పు దిద్దించుకుని నేర్చుకోవాలి. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే దేశంలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారనీ, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా వైద్యం అందడం లేదనీ తేల్చింది. ఆ ఖాళీలోకి దొంగ డాక్టర్లు రావడం సహజం. వాళ్ళను ఆపడానికి చదువుకున్న కళ్ళు ఊళ్ళో ఎక్కువ ఉండాలా, తక్కువ ఉండాలా? ఏది సైకాలజీయో తెలిసిన మనిషి పక్కింట్లో ఉంటే ఆ కుటుంబం మోసపోయేదా?

నేను కోరేది పెద్దది కాదు. చికిత్స చేసే పట్టాలను మీరు ఎంత కట్టుదిట్టం చేసినా సమర్థిస్తాను. కానీ బి.ఎ.లో సైకాలజీని మిగతా శాస్త్రాల పక్కన మళ్ళీ కూర్చోబెట్టండి. ఎం.ఎ.కు ముఖాముఖి ప్రాక్టికల్స్ తప్పనిసరి చేయండి. ఉద్యోగం చేసే టీచర్లకు దూరవిద్యలో బీఈడీ ఇస్తూ వర్క్‌షాపులు పెట్టినట్టే సెలవుల్లో, ఆదివారాల్లో పెట్టండి. వాటిని విశాఖలో కాదు, శ్రీకాకుళంలో, విజయనగరంలో, పలాసలో, పార్వతీపురంలో పెట్టండి. ఆసుపత్రిలో, హాస్టల్లో, అంగన్‌వాడీలో ఆ విద్యార్థులు పనిచేస్తుంటే పక్కన నిలబడి చూసే పర్యవేక్షకులను నియమించండి. ఇవేవీ కుదరవంటే, ఈ జిల్లాల ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ఎన్ని సైకాలజీ సీట్లు, ఎందరు అధ్యాపకులు, ఏ ఏటి నుంచి ఇస్తారో రాసి ప్రకటించండి. అంతవరకూ మూసిన దారి తెరిచి ఉంచండి.

మా బడికి రెండు గదులున్నాయి. ఆదివారాలు ఖాళీ. ఫ్యాన్లు తిరుగుతాయి, బోరు నీళ్ళున్నాయి, మంగలి అద్దం ఇంకా నా బీరువాలోనే ఉంది, దానికి తాళం లేదు. పోయిన వేసవిలో మా మండలంలో సైకాలజీ చదవాలని నన్ను అడిగిన ఆడపిల్లలు నలుగురు. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు వేరే సబ్జెక్టులో చేరిపోయారు, ఒకమ్మాయికి పెళ్ళి కుదిరింది, ఒకమ్మాయి ఇంకా మీ జవాబు కోసం చూస్తోంది.

భవదీయురాలు,
ఉద్దానం నుంచి ఒక ఉపాధ్యాయిని